లోహాల గుట్టు విప్పిన డేవీ

బంగారం, వెండి, రాగి, ఇనుము, తగరం, సీసం, పాదరసం - ఈ ఏడు లోహాలూ మానవుడికి ఎంతో ప్రాచీన కాలం నుంచి పరిచయం. కమ్మరి ఇనుమును కాల్చి, సాగగొట్టి నాగటి కర్రు చేస్తాడు. కంచరి రాగి రేకును మలచి బిందె చేస్తాడు. కంసాలి గోధుమగింజంత బంగారాన్ని బారెడు తీగగా లాగుతాడు. గుడిలో గంట కొడితే ఊరంతా వినిపిస్తుంది. పొయ్యి మీది గిన్నెను గుడ్డ లేకుండా పట్టుకోలేము. మెరవడం, రేకుగా సాగడం, తీగగా మారడం, ఖంగున మోగడం, వేడిని త్వరగా ప్రసరింపజేయడం - ఇవన్నీ లోహాల లక్షణాలు. గంధకం, భాస్వరం, బొగ్గు వంటి అలోహాలలో ఈ గుణాలు సాధారణంగా కనిపించవు. గంధకపు ముద్దను సుత్తితో కొడితే పొడిపొడి అవుతుంది గాని రేకుగా సాగదు.

ఈ తేడాలతోపాటు మరొక నమ్మకం కూడా వేల సంవత్సరాలుగా జనంలో పాతుకుపోయింది. లోహమంటే బరువుగా ఉండాలి, నీటిలో వేస్తే మునగాలి. పాదరసం ద్రవమే అయినా బరువులో సీసాన్ని మించింది కనుక, దానిని లోహమనడానికి ఎవరూ వెనుదీయలేదు. అటువంటి రోజులలో, 1807వ సంవత్సరంలో, ఇరవై ఎనిమిదేళ్ల యువకుడు ఒకడు కత్తితో కోయగలిగినంత మెత్తగా ఉండి, నీటిమీద తేలుతూ మంట పుట్టించే ఒక కొత్త పదార్థాన్ని బయటికి తీసి, ఇది కూడా లోహమేనని ప్రకటించాడు. లోహానికి, అలోహానికి మధ్య గల అసలైన హద్దు ఎక్కడుందో వెదకడంలోనే ఆయన జీవితంలో ఎక్కువ భాగం గడిచిపోయింది. ఆయనే హంఫ్రీ డేవీ.

డేవీ 1778 డిసెంబరు 17వ తేదీన ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతంలో పెన్‌జాన్స్ అనే ఊరిలో జన్మించాడు. అది సముద్రతీరంలోని చిన్న రేవుపట్టణం. ఆ ప్రాంతం తగరం, రాగి గనులకు ప్రసిద్ధి. గనులలో పనిచేసేవారు, వారు తవ్వి తీసిన ఖనిజాలు, ఆ ఖనిజాలను కరగించే కొలుములు చిన్ననాటి నుంచే ఆయన కళ్లముందు ఉండేవి. తండ్రి రాబర్టు కొయ్యమీద చిత్రాలు చెక్కే పనివాడు. తల్లి పేరు గ్రేస్. ఐదుగురు పిల్లలలో హంఫ్రీయే పెద్దవాడు.

బడిలో డేవీ గొప్ప విద్యార్థి అని పేరు తెచ్చుకోలేదు. తోటి పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకొని కథలు చెప్పడం, పద్యాలు అల్లడం, చేపలు పట్టడం, బాణసంచా తయారు చేయడం ఆయనకు ఇష్టమైన పనులు. గుర్రాలకు జీనులు కుట్టే ఒక పెద్దమనిషి తీరిక వేళల్లో సొంతంగా విద్యుత్ పరికరాలు చేసుకొనేవాడు. ప్రయోగాలు చేయడంలో డేవీకి తొలి పాఠాలు ఆయన వద్దే లభించాయి.

1794లో తండ్రి అప్పులు మిగిల్చి మరణించాడు. డేవీకి అప్పటికి పదహారేళ్లు. కుటుంబభారం తల్లి మీద పడింది. మరుసటి సంవత్సరం ఆయనను ఊరిలోని ఒక వైద్యుడి వద్ద శిష్యుడుగా చేర్చారు. మందులు నూరడం, కలపడం అక్కడ ఆయన పని. అల్లరిగా తిరిగిన బాలుడు ఒక్కసారిగా మారిపోయాడు. తాను నేర్చుకోవలసిన విషయాలన్నిటినీ ఒక పుస్తకంలో వ్రాసుకొని వరుసగా చదవసాగాడు. భాషలు, గణితం, తత్త్వశాస్త్రం, భూగోళం ఒక్కొక్కటిగా ముగించి, 1797లో రసాయనశాస్త్రానికి వచ్చాడు. ఆ శాస్త్రం ఆయనను మరి వదలలేదు.

అప్పుడు ఆయన చేతికి వచ్చిన పుస్తకం ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవోయిజర్ 1789లో ప్రచురించినది. మరి విడదీయడానికి వీలులేని పదార్థాలనే మూలకాలని పిలవాలని చెప్పి, లవోయిజర్ అటువంటివి 33 ఉన్నట్లు పట్టిక వేశాడు. అందులో లోహాలను ఒక వరుసలో, గంధకం, భాస్వరం, బొగ్గు వంటి అలోహాలను మరొక వరుసలో ఉంచాడు. సున్నాన్ని, మెగ్నీషియాను కూడా పట్టికలో చేర్చాడు గాని, అవి నిజంగా మూలకాలేనా అన్న అనుమానం ఆయనకే ఉండేది. వాటిలో ఏవో తెలియని లోహాలు ఆక్సిజన్‌తో కలిసి దాగి ఉండవచ్చునని ఆయన ఊహించాడు. ఆ ఊహ నిజమో కాదో తేల్చకముందే, 1794లో ఫ్రెంచి విప్లవకాలంలో ఆయన శిరచ్ఛేదానికి గురి అయ్యాడు. లవోయిజర్ వదిలి వెళ్లిన ప్రశ్న పెన్‌జాన్స్‌లో మందులు నూరే కుర్రవాడికి వారసత్వంగా దక్కింది.

1798లో డేవీకి బ్రిస్టల్ నగరంలో ఉద్యోగం దొరికింది. కొత్తగా కనుగొన్న వాయువులతో రోగాలు నయం చేయవచ్చునేమో పరీక్షించడానికి డాక్టర్ బెడోస్ అక్కడ ఒక సంస్థను స్థాపించాడు. డేవీ వాయువులను తయారు చేసి, తానే పీల్చి, వాటి ప్రభావాన్ని వ్రాసి పెట్టేవాడు. నైట్రస్ ఆక్సైడు అనే వాయువు పీల్చినప్పుడు నవ్వు వచ్చింది, చిగురు నొప్పి కూడా తగ్గింది. శస్త్రచికిత్సలలో దీనిని వాడవచ్చునేమోనని 1800లో ప్రచురించిన గ్రంథంలో సూచించాడు. నలభై సంవత్సరాలకు పైగా ఆ సూచనను ఎవరూ పట్టించుకోలేదు. మరొక విషవాయువును పీల్చినప్పుడు ఆయన ప్రాణాపాయం నుంచి కొద్దిలో తప్పించుకొన్నాడు. అదే కాలంలో ఆయనకు కవులతో స్నేహం కుదిరింది. వర్డ్స్‌వర్త్ తన కవితాసంపుటి అచ్చు ప్రతులను సరిచూడమని ఆయనకు అప్పగించాడు.

1800లో ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా తయారు చేసిన విద్యుత్ ఘటమాల గురించి యూరప్ అంతటా తెలిసింది. యశదపు బిళ్ల, వెండి లేక రాగి బిళ్ల, ఉప్పునీటిలో తడిపిన అట్టముక్క - ఇలా ఒకదానిపై ఒకటి దొంతరగా పేర్చితే విద్యుత్తు ఆగకుండా ప్రవహిస్తుంది. ఆ సంవత్సరమే లండనులో ఇద్దరు పరిశోధకులు ఈ విద్యుత్తును నీటిలోకి పంపి, నీటిని హైడ్రోజన్‌గాను, ఆక్సిజన్‌గాను విడగొట్టారు. నిప్పుకు లొంగని పదార్థాలను విద్యుత్తు విడగొట్టగలదని డేవీ గ్రహించాడు. 1801లో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో చేరి, మరుసటి ఏడాదికే ఆచార్యుడు అయ్యాడు. ఆయన ఉపన్యాసాలు వినడానికి శాస్త్రం తెలియని సామాన్యులు కూడా కిక్కిరిసి వచ్చేవారు.

ఆ కాలంలో పొటాష్, సోడా అనే రెండు క్షారాలు అందరికీ తెలిసినవే. కట్టెల బూడిదను నీటిలో కలిపి, వడకట్టి, ఆ నీటిని మరిగిస్తే పొటాష్ మిగులుతుంది. మన దేశంలో చాకలివారు బట్టలు ఉతకడానికి వాడిన చౌడులో ఉండేది సోడా. ఈ రెండింటినీ సున్నంతో చర్య జరిపితే మరింత తీవ్రమైన దాహక పొటాష్, దాహక సోడా వస్తాయి. వీటిని ఇంతకంటే విడగొట్టగలిగినవారు అప్పటివరకు లేరు. చూడడానికి తెల్లని సుద్దలా ఉండే ఈ పదార్థాలలో లోహం దాగి ఉంటుందని అనుకోవడం సామాన్యులకు సాధ్యం కాదు.

1807 అక్టోబరులో డేవీ ఈ పనికి పూనుకొన్నాడు. మొదట దాహక పొటాష్‌ను నీటిలో కరగించి విద్యుత్తు పంపాడు. నీరే హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడిపోయింది గాని, పొటాష్ చెక్కుచెదరలేదు. నీరు అడ్డు వస్తున్నదని గ్రహించి, పొడి పొటాష్‌ను ప్లాటినం గరిటెలో కరగించి, ఆ ద్రవంలోకి విద్యుత్తు పంపాడు. ఈసారి ఋణధ్రువం వద్ద ప్రకాశవంతమైన మంట కనిపించింది. ఏదో పుడుతున్నది, పుట్టిన వెంటనే మండిపోతున్నది, చేతికి మాత్రం చిక్కడం లేదు. బాగా పొడిగా, గట్టిగా ఉన్న పొటాష్‌లో విద్యుత్తు ప్రవహించదు. నీరు ఎక్కువైతే నీరే విడిపోతుంది. ఈ రెండింటికీ మధ్య మార్గం కావాలి.

అక్టోబరు 6వ తేదీన ఆయన ఒక చిన్న పొటాష్ ముక్కను కొద్దిసేపు గాలిలో ఉంచాడు. గాలిలోని తేమను పీల్చుకొని దాని పైపొర మాత్రం కొంచెం చెమ్మగిల్లింది. ఆ ముక్కను ఋణధ్రువానికి కలిపిన ప్లాటినం పళ్లెంలో పెట్టి, ధనధ్రువపు తీగను పైన ఆనించాడు. పొటాష్ కరగసాగింది. పైభాగాన బుడగలు వచ్చాయి. అడుగున పళ్లెం తగిలిన చోట పాదరసపు బొట్లలా తళతళలాడే చిన్న గోళాలు పుట్టాయి. వాటిలో కొన్ని చిటపటమంటూ మండిపోయాయి. మిగిలిన వాటిపై చూస్తుండగానే తెల్లని పొర కమ్ముకొంది. ఆ బొట్లను చూచి డేవీ పట్టలేని ఆనందంతో గదిలో గంతులు వేశాడు. అది పొటాసియం. కొద్ది రోజులలోనే దాహక సోడా నుంచి సోడియంను కూడా వేరుచేశాడు.

కొత్త పదార్థాన్ని నిలవ చేయడమే కష్టమైంది. గాలి తగిలితే తెల్లబడిపోతుంది. నీటిలో వేస్తే పైకి తేలి, బుసబుసమంటూ అటూ ఇటూ పరుగెత్తి, ఊదారంగు మంటతో మండిపోతుంది. చివరకు కిరసనాయిలును పోలిన ఒక నూనెలో ముంచి దాచాడు. అప్పుడుగాని దాని గుణాలను తీరికగా పరీక్షించడం వీలుకాలేదు. అది మైనంలా మెత్తగా ఉంది. కొద్దిపాటి వేడికే కరిగింది. పొటాసియం సుమారు 63 డిగ్రీల సెల్సియస్ వద్ద, సోడియం సుమారు 98 డిగ్రీల వద్ద కరుగుతాయని నేడు మనకు తెలుసు. ఇవి రెండూ నీటికంటే తేలిక.

ఇక్కడే పెద్ద చిక్కు వచ్చింది. దీనిని లోహమనవచ్చునా? బరువులేదు, గట్టితనంలేదు, నీటిలో మునగదు. డేవీ ఆ ప్రశ్నను తొందరపడి తీసివేయలేదు. ఒక్కొక్క గుణాన్నీ తూచి చూశాడు. కత్తితో కోసినప్పుడు లోపల వెండిలా మెరుస్తున్నది. నొక్కితే రేకుగా సాగుతున్నది. వేడిని, విద్యుత్తును చక్కగా ప్రసరింపజేస్తున్నది. పాదరసంతో కలిసి మిశ్రలోహంగా మారుతున్నది. ఆక్సిజన్‌తో కలిసి తిరిగి క్షారంగా మారుతున్నది. ఇన్ని గుణాలు లోహాలతో కలుస్తుండగా, బరువు ఒక్కటి తగ్గినంత మాత్రాన కాదనడం ఎలా? అప్పటికి లోహాలుగా లెక్కించిన వాటిలోనే ప్లాటినం సాంద్రత 21కి పైగా ఉంటే, టెల్లూరియంది 6కు కొంచెం పైన మాత్రమే ఉంది. బరువు మనిషికి మనిషికి ఎత్తు మారినట్లు మారే గుణమే తప్ప జాతిని నిర్ణయించే గుణం కాదని ఆయన తేల్చాడు. లోహమని తెలిసేలా ఆ రెండింటి పేర్లకూ ప్లాటినం మాదిరి ముగింపు పెట్టాడు.

నవంబరులో రాయల్ సొసైటీలో ఈ విషయాలను వివరించిన కొద్ది రోజులకే డేవీ తీవ్రమైన జ్వరంతో మంచం పట్టాడు. న్యూగేట్ కారాగారంలోని గాలిని శుభ్రపరచే విషయం చూడడానికి వెళ్లినప్పుడు ఆ జబ్బు సోకిందని భావించారు. కొన్ని వారాలపాటు బ్రతుకుతాడన్న ఆశ లేకపోయింది. కోలుకొన్న వెంటనే మళ్లీ పరిశోధనలో దిగాడు. 1808లో సున్నం నుంచి కాల్షియంను, మెగ్నీషియా నుంచి మెగ్నీషియంను, వాటితోపాటు బేరియం, స్ట్రాన్షియం లోహాలను వెలికితీశాడు. స్వీడను శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ తెలిపిన ఒక పద్ధతి ఇందుకు తోడ్పడింది. గోడలకు పూసే సున్నంలో మెరిసే లోహం ఉన్నదన్న లవోయిజర్ ఊహ ఈ విధంగా నిజమైంది. అల్యూమినియంను వేరుచేయడం మాత్రం డేవీకి సాధ్యం కాలేదు. ఆయన పెట్టిన పేరే కొద్ది మార్పుతో నిలిచింది.

ఈ ప్రయోగాల వల్ల మరొక తేడా కూడా స్పష్టమైంది. సోడియం, కాల్షియం వంటి లోహాలు ఆక్సిజన్‌తో కలిసి ఏర్పరచే ఆక్సైడులు నీటిలో క్షారాలుగా మారి ఎర్ర లిట్మస్‌ను నీలిరంగుకు మారుస్తాయి. గంధకం, భాస్వరం వంటి అలోహాల ఆక్సైడులు నీటిలో ఆమ్లాలుగా మారి నీలి లిట్మస్‌ను ఎర్రబరుస్తాయి.

ఆమ్లాల మాట వచ్చినప్పుడు డేవీ తన గురువువంటి లవోయిజర్‌నే కాదనవలసి వచ్చింది. ఆమ్లాలన్నింటిలోను ఆక్సిజన్ ఉండి తీరాలని లవోయిజర్ సిద్ధాంతం. 1774లో షీలే కనుగొన్న ఒక పసుపుపచ్చని ఘాటైన వాయువును కూడా ఆక్సిజన్ కలిసిన సమ్మేళనమని అందరూ నమ్మేవారు. డేవీ ఆ వాయువులో బొగ్గును విద్యుత్తుతో తెల్లగా మండేంత వేడిచేశాడు. ఆక్సిజన్ ఏ మాత్రం ఉన్నా బొగ్గు దానిని పట్టుకొని కార్బన్ డయాక్సైడుగా మారాలి. ఎంత చేసినా అది రాలేదు. విడగొట్టడానికి వీలులేనిది కనుక అది మూలకమేనని 1810లో ప్రకటించి, దాని రంగును బట్టి క్లోరిన్ అని పేరు పెట్టాడు. సోడియం నీటిని మండించే లోహం, క్లోరిన్ ప్రాణం తీసే అలోహం. ఈ రెండూ కలిస్తే మనం రోజూ అన్నంలో వేసుకొనే ఉప్పు ఏర్పడుతుంది.

1812లో ప్రభుత్వం డేవీకి సర్ బిరుదం ఇచ్చింది. అదే సంవత్సరం ఆయన వివాహం కూడా జరిగింది. ఆ ఏడాది చివర ఒక పేలుడు పదార్థంతో ప్రయోగం చేస్తుండగా గాజు ముక్కలు కంటికి తగిలాయి. కొన్నాళ్లు చదవడానికి, వ్రాయడానికి వీలులేకపోయింది. ఆ రోజులలో ఒక పుస్తకాల బైండింగు పనివాడు డేవీ ఉపన్యాసాలు విని, వాటిని శ్రద్ధగా వ్రాసి, బొమ్మలతో సహా కుట్టి ఆయనకు పంపాడు. ఆ యువకుడిని డేవీ 1813లో సహాయకుడుగా చేర్చుకొన్నాడు. అతడే తరువాతి కాలంలో విద్యుత్ శాస్త్రంలో మహనీయుడైన మైకేల్ ఫారడే.

అప్పట్లో ఇంగ్లండుకు, ఫ్రాన్సుకు యుద్ధం జరుగుతున్నది. అయినా ఫ్రెంచి శాస్త్రసంస్థ అంతకు మునుపే డేవీకి బహుమతి ప్రకటించింది. 1813 అక్టోబరులో ఆయన ప్రత్యేక అనుమతితో భార్యను, ఫారడేను వెంటబెట్టుకొని పారిస్ చేరాడు. సముద్రపు నాచు బూడిద నుంచి లభించిన ఒక నల్లని పదార్థాన్ని అక్కడివారు ఆయనకు చూపారు. అది లోహంలా మెరుస్తున్నది. వేడిచేస్తే ఊదారంగు ఆవిరిగా మారుతున్నది. డేవీ తనతో తెచ్చుకొన్న చిన్న పరికరాల పెట్టెతోనే పరీక్షించి, మెరుపు ఉన్నా ఇది లోహం కాదని, క్లోరిన్‌ను పోలిన మూలకమని గుర్తించాడు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గేలుసాక్ కూడా అదే సమయంలో అదే నిర్ణయానికి వచ్చాడు. అది అయోడిన్.

1814లో ఇటలీలోని ఫ్లారెన్సు నగరంలో ఆయన మరొక ప్రయోగం చేశాడు. అక్కడి ప్రభువుల వద్ద ఉన్న పెద్ద భూతద్దంతో సూర్యకిరణాలను కేంద్రీకరించి, ఆక్సిజన్ నింపిన గాజుగోళంలో వజ్రాన్ని మండించాడు. మిగిలినది కార్బన్ డయాక్సైడు మాత్రమే. పొయ్యిలోని బొగ్గూ, కిరీటంలోని వజ్రమూ రసాయనికంగా ఒకే అలోహమని ఈ ప్రయోగం బలపరచింది. మైనంలా మెత్తనైన పొటాసియం లోహం. అన్నింటిలోకి కఠినమైన వజ్రం అలోహం. తళతళలాడే అయోడిన్ అలోహం. పైకి కనిపించే ఒక్క గుణాన్ని పట్టుకొని జాతిని నిర్ణయించరాదని డేవీ పరిశోధనలు ఇలా మళ్లీ మళ్లీ తెలిపాయి.

ఇంగ్లండుకు తిరిగివచ్చిన డేవీకి ఒక విషాద సమస్య ఎదురైంది. బొగ్గుగనులలో మండే స్వభావంగల మీథేన్ వాయువు ఊరుతూ ఉంటుంది. కార్మికుల దీపం తగిలితే అది పెద్ద చప్పుడుతో పేలుతుంది. 1812లో ఫెల్లింగ్ గనిలో జరిగిన ఒక్క పేలుడులోనే 92 మంది మరణించారు. వారిలో చిన్న పిల్లలు కూడా ఉన్నారు. వెలుగు లేకుండా గనిలో పని జరగదు. వెలుగు కావాలంటే నిప్పు ఉండాలి. నిప్పు ఉంటే ప్రాణభయం తప్పదు. ఈ చిక్కు విప్పమని గనుల ప్రాంతంవారు డేవీని కోరారు.

1815 ఆగస్టులో ఆయన ఆ గనులను చూచి, అక్కడి వాయువును తెప్పించుకొని పరీక్షించాడు. ఆ వాయువు అంటుకోవాలంటే చాలా ఎక్కువ వేడి కావాలని తెలిసింది. సన్నని లోహపు గొట్టాల గుండా మంట అవతలికి పోలేకపోవడం ఆయన గమనించాడు. లోహం మంచి ఉష్ణవాహకం. మంటలోని వేడిని అది తొందరగా లాగుకొని నలుదిక్కులకూ పంచివేస్తుంది. వేడి తగ్గిన వాయువు అవతలకు చేరినా అంటుకోదు. గొట్టాలకు బదులు సన్నని లోహపుతీగలతో అల్లిన వల కూడా ఇదే పని చేస్తుందని కనుగొని, దీపం చుట్టూ ఆ వలను అమర్చాడు. చదరపు అంగుళానికి 784 రంధ్రాలున్న వల అది. గాలి లోపలికి పోతుంది, వెలుగు బయటికి వస్తుంది, మంట మాత్రం వలను దాటదు. గనిలో మీథేన్ ఎక్కువైతే లోపలి మంట పొడవుగా సాగి, కార్మికుడిని ముందే హెచ్చరిస్తుంది. లోహానికి సహజమైన ఒక్క గుణం ఈ విధంగా కార్మికుల ప్రాణాలకు కాపలా అయింది.

1816 జనవరిలో ఆ దీపాన్ని గనులలో పరీక్షించారు. దానికి పేటెంటు హక్కు తీసుకొంటే అపారమైన ధనం వస్తుందని మిత్రులు సలహా ఇచ్చారు. డేవీ ఒప్పుకోలేదు. గని కార్మికులకు మేలు జరగడమే తనకు చాలునని దానిని అందరికీ వదిలివేశాడు. అదే కాలంలో రైలుయంత్రాల నిర్మాతగా తరువాత పేరుపొందిన జార్జి స్టీఫెన్‌సన్, డాక్టర్ క్లానీ కూడా వేరువేరుగా రక్షణదీపాలు తయారు చేశారు. ఎవరు ముందు అన్న విషయమై చాలాకాలం వివాదం నడిచింది. దీపం వచ్చాక గని యజమానులు ప్రమాదకరమని వదిలివేసిన సొరంగాలను తిరిగి తెరిపించారు. అందువల్ల ప్రమాదాలు ఆశించినంతగా తగ్గలేదు. సాధనం ఎంత మంచిదైనా, దానిని వాడేవారి జాగ్రత్త, యజమానుల బాధ్యత కూడా తోడుకావాలని ఆ అనుభవం నేర్పింది.

1820లో డేవీ రాయల్ సొసైటీ అధ్యక్షుడుగా ఎన్నికైనాడు. మూడేళ్ల తరువాత నౌకాదళం ఆయన ముందు మరొక సమస్య పెట్టింది. ఓడల అడుగున కొట్టిన రాగి రేకులను సముద్రపు నీరు తినివేస్తున్నది. రాగికి యశదం లేక ఇనుప ముక్కలను తగిలిస్తే, ఎక్కువ చురుకైన ఆ లోహం తాను కరిగిపోతూ రాగిని కాపాడుతుందని డేవీ నిరూపించాడు. రేకులు నిజంగానే చెడిపోలేదు. కాని అనుకోని ముప్పు వచ్చింది. రాగి కొద్దికొద్దిగా కరుగుతున్నంతకాలం దాని విషానికి జడిసి నాచు, గుల్లలు ఓడకు అంటుకొనేవి కావు. రాగి కరగడం ఆగగానే అవి దట్టంగా పెరిగి ఓడల వేగం తగ్గించాయి. నౌకాదళం ఆ పద్ధతిని విడిచిపెట్టింది. పత్రికలు డేవీని ఎగతాళి చేశాయి. ఆ అవమానం ఆయనను ఎంతో బాధించింది. అయితే ఆనాడు విఫలమైన ఆ సూత్రంతోనే నేడు ఉక్కు ఓడలను, భూమిలో పాతిన గొట్టాలను తుప్పు పట్టకుండా కాపాడుతున్నారు.

డేవీలో లోపాలు లేకపోలేదు. తాను చేరదీసిన ఫారడే తనను మించిపోవడం ఆయనకు రుచించలేదు. 1824లో ఫారడేను రాయల్ సొసైటీ సభ్యుడుగా ఎన్నుకొనేటప్పుడు అధ్యక్షస్థానంలో ఉండి కూడా వ్యతిరేకించాడు. అయినా ఫారడే ఎన్నికైనాడు. తనకు దారి చూపిన డేవీ పట్ల గౌరవాన్ని ఆయన చివరి వరకు విడువలేదు. నిప్పుకు, విషవాయువులకు, పేలుళ్లకు వెరవని డేవీ అసూయను జయించలేకపోయాడు. శిష్యుడు మాత్రం దానిని జయించాడు.

విషవాయువులు పీల్చడం, విశ్రాంతి లేకుండా శ్రమించడం డేవీ ఆరోగ్యాన్ని దెబ్బతీశాయని పలువురి అభిప్రాయం. పక్షవాతం రావడంతో 1827లో అధ్యక్షపదవిని వదులుకొన్నాడు. చివరి సంవత్సరాలు ఇటలీ తదితర ప్రాంతాలలో తిరుగుతూ, చేపలు పడుతూ, పుస్తకాలు వ్రాస్తూ గడిపాడు. 1829 మే 29వ తేదీన స్విట్జర్లాండులోని జెనీవా నగరంలో, యాభై సంవత్సరాల వయస్సులో మరణించాడు. అక్కడే ఆయనను సమాధి చేశారు.

గనుల యజమానులు రక్షణదీపానికి కృతజ్ఞతగా డేవీకి వెండి పాత్రల సరంజామా బహూకరించారు. కుటుంబం తరువాత అది రాయల్ సొసైటీకి చెందాలని, దానిని అమ్మగా వచ్చిన ధనంతో రసాయనశాస్త్రంలో గొప్ప కృషి చేసినవారికి ఏటా పతకం ఇవ్వాలని ఆయన ఏర్పాటు చేశాడు. 1877లో మొదలైన ఆ పతకాన్ని డేవీ పతకమని పిలుస్తారు.

డేవీ మరణించిన 68 సంవత్సరాలకు, 1897లో, జె. జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుగొన్నాడు. ఆ తరువాత లోహాలకు, అలోహాలకు గల తేడాకు మూలం తెలిసింది. లోహపు పరమాణువులు తమ ఎలక్ట్రాన్లను సులభంగా వదులుకొంటాయి. అలోహపు పరమాణువులు సాధారణంగా ఎలక్ట్రాన్లను గ్రహిస్తాయి. లోహంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్ల వల్లనే మెరుపు, విద్యుద్వాహకత, ఉష్ణవాహకత కలుగుతున్నాయి. డేవీ ప్రయోగాలలో లోహాలన్నీ ఋణధ్రువం వద్ద, ఆక్సిజన్, క్లోరిన్ వంటివి ధనధ్రువం వద్ద చేరడానికి కారణం ఇదే. ఎలక్ట్రాన్ అనే మాట పుట్టకముందే ఆయన సరియైన త్రాసును ఎన్నుకొన్నాడు.

నేడు మనకు తెలిసిన 118 మూలకాలలో మూడు వంతులకు పైగా లోహాలే. వాటిలో ఆరింటిని మొట్టమొదట మానవుడి కంటికి చూపినవాడు, చదువు కొనసాగించే స్తోమత లేక మందుల కొట్టులో కల్వం పట్టిన పెన్‌జాన్స్ బాలుడు. తేలికగా, మెత్తగా ఉన్నది కనుక లోహం కాదని ఆయన త్రోసివేయలేదు. గట్టిగా, మెరుస్తూ ఉన్నది కనుక లోహమని పొరబడలేదు. ప్రతి పదార్థాన్నీ పరీక్షకు పెట్టి, ఆ పరీక్ష చెప్పిన తీర్పును అంగీకరించాడు. శాస్త్ర విజ్ఞానానికి డేవీ చూపిన బాట అదే.